మల్లికే చెప్పాలి

కమ్రున్నీసా వంటగది తలుపు మూసి, బియ్యం డబ్బా మీద కూర్చుని ఫోన్ చెవికి ఆనించింది. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పటి నుంచి ఆమె ఆఫీసు ఇదే. మార్కాపురం ఆసుపత్రిలో ఆమె గదిని జ్వరాల వాళ్లకిచ్చేశారు. ముందుగదిలో భర్త ఉస్మాన్ దగ్గుతున్నాడు. అతను దగ్గినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టి, ఇంకో దగ్గు రాకూడదని మొక్కుకుంటోంది.

ఆమె ఉద్యోగం పేరు జన్యు సలహాదారు. ఆ మాట నోరు తిరగక జనం 'రక్తం మేడమ్' అంటారు. మేనరికాల ఇళ్లలో అమ్మానాన్నల నుంచి బిడ్డకు దిగే జబ్బుల గురించి విడమరిచి చెప్పడం ఆమె పని. పేరూ లేదు, పెద్ద జీతమూ లేదు. ఉన్నదల్లా ఒక్క పట్టింపు: పరీక్ష ఫలితం గర్భిణికి తప్ప ముందుగా ఇంకెవరికీ చెప్పదు. మంచిదైతే ఇంటిల్లిపాదికీ చెప్పి, చెడ్డదైతే నోరు మూసుకుంటే, ఆ మౌనమే దండోరా అయిపోతుంది. అందుకే మంచికీ చెడుకీ ఒకటే తీరు. పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, పిల్ల చేయి పట్టుకుని చెప్పేది. ఫోన్లో ఎవరిని బయటికి పంపగలదు?

ఆ ఉదయం హైదరాబాద్ ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితం మల్లిది. పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె వాళ్లది. మేనమామ నాగేంద్రను చేసుకుంది కాబట్టి అమ్మమ్మ లక్ష్మీనరసమ్మే ఆమెకు అత్త. తొలి బిడ్డకు తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. నిరుడు బస్సులు ఆగిపోయినప్పుడు రక్తం అందక తల్లి ఒళ్లోనే పోయాడు. ఇప్పుడు మళ్లీ నాలుగో నెల. ఈ బిడ్డకు ఆ జబ్బు లేదు. కమ్రున్నీసా ఆ వాక్యాన్ని తిరగేసి మరగేసి చదువుకుని, ఎన్నాళ్లకో నవ్వింది.

ఫోన్ ఎత్తింది ముసలామె.

"అవ్వా, మల్లి ఉందా?"

"మేకల కాడికి పోయినాది తల్లీ. ఏమొచ్చినాదో నాకు చెప్పు."

"మల్లికే చెప్పాల అవ్వా. రాంగనే ఫోన్ చేయించు."

"నాగేంద్ర కూడా లేడు. మందను తోలుకోని అడవిలోకి పోయినాడు."

"ఫర్వాలేదు. మల్లితో మాట్లాడితే చాలు."

అవతల మేకపిల్ల అరుస్తోంది.

"సరేలే తల్లీ. అర్థమైంది."

ఫోన్ పెట్టేశాక కమ్రున్నీసా ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఏం అర్థమైంది? ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చి, సంగతి చెప్పకుండా 'ఇంకొకరికివ్వండి' అంటే ఈ రోజుల్లో అర్థం ఒక్కటే, చెడ్డ కబురు. ఊళ్లకు ఊళ్లు ఆ భాష నేర్చుకున్నాయి. ఎదురుగా ఉంటే అవ్వ తన ముఖం చూసి ధైర్యం తెచ్చుకునేది.

మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆ తర్వాత స్విచాఫ్. ఎవరెత్తినా సరే, పట్టింపు గంగలో కలిపి చెప్పేద్దామనుకుంది. ఎత్తేవాళ్లే లేరు. చివరికి ఆ ఊరి ఆశా కార్యకర్త కృష్ణవేణమ్మ దొరికింది.

"వాళ్లా? ఆటో మాట్లాడుకోని మార్కాపురమే వచ్చినారక్కా. ఆ పసోడు పడిన బాధ ఇంకో బిడ్డ పడకూడదని అవ్వ ఒకటే ఏడుపు. కడుపు తీసేపిచ్చేదానికే అనుకుంటా."

కమ్రున్నీసా తెలిసిన నర్సులకల్లా ఫోన్ చేసింది. అలాంటి పని చాటుగా చేసేవాళ్లు ఎవరూ పేరు చెప్పుకోరు. ఉస్మాన్ వద్దంటున్నా వినకుండా మాస్కు కట్టుకుని బయటపడింది. కర్ఫ్యూ వీధులు, మూసిన షట్టర్లు. ఏ తలుపు కొట్టాలో తెలియక, ప్రతి తలుపు వెనకా మల్లే ఉందేమోనని భయపడుతూ నడిచింది. పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

"అక్కా, నేను మల్లిని." గొంతు నీరసంగా ఉంది. "ఒక్కదాన్నే ఉండా. అవ్వ ఆటో కోసం పోయినాది. అయిపోయినాదక్కా."

కమ్రున్నీసా ఒక మూసిన షట్టరు పక్కకు జరిగి ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది.

"'అంత మాట ఆయమ్మ ఎట్ల చెప్తుంది పాపం, అందుకే నాకు చెప్పలేదు' అన్నాది అవ్వ. నిన్నేమీ అనుకోలేదు. ఇప్పుడు చెప్పు. ఆ జబ్బే గదా?"

మల్లే అడుగుతోంది. పక్కన ఎవరూ లేరు. చెప్పాల్సిన మనిషికి చెప్పడానికి ఇక ఏ అడ్డమూ లేదు.

"యాడున్నావు మల్లీ?"

"బస్టాండులో."

"అక్కడే ఉండు. నేనొస్తున్నా."

పరుగెత్తింది. ఏం చెబుతుందో ఆమెకే తెలియదు. నిజం చెబితే ఆ అవ్వామనవరాళ్లు ఇక ఒక కప్పు కింద బతకలేరు. చెప్పకపోతే తను బతకలేదు.

బస్సుల్లేని బస్టాండు బోసిగా ఉంది. ఆటో అప్పుడే పోయిందని కాపలా కానిస్టేబుల్ చెప్పాడు. సిమెంటు బెంచీ మీద, గాలికి పోకుండా రాయి బరువు పెట్టి, గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రల అట్ట ఒకటి ఉంది, ఇంకా సగానికి పైగా విప్పకుండానే.