గోడ అవతలి పిలుపు

గద్వాల అంచున ఆ వాడలో సీడు పత్తి పనికి పోయే ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ముఠాను నడిపే ఆమె పొద్దున్నే వాకిట్లోకి వచ్చి పేరు పెట్టి పిలవాలి. పిలవకుండానే పనికి పోయినామెను ఎగబడిందంటారు. జమ్ములమ్మ ఏళ్లుగా ముఠా నడిపే మాలతి పిలుపు మీదే సద్ది మూట కట్టింది. ఒంటి మనిషి. పత్తిపూలకు పుప్పొడి అద్దుతూ పగలంతా చెప్పుకునే ముచ్చట్లే ఆమె సంసారం.

అంతలో వాడ పక్క చేలలో ఇళ్ల ప్లాట్ల వెంచరు లేచింది. ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. చెట్లన్నీ బోర్డు మీదే ఉన్నాయి. రెండు లారీలు ఎదురెదురుగా పోయేంత రోడ్లు వేశారు, ఏం లాభం, అన్నీ బైపాస్ దగ్గర మొదలై గోడ దగ్గర ఆగిపోతాయి. ఇళ్లింకా లేవలేదు గానీ గోడ మాత్రం ముందే లేచింది. మాలతి ఇంటి నుంచి జమ్ములమ్మ ఇంటికి ఉన్న కాలిబాట ఆ గోడతో తెగిపోయింది. ఇప్పుడు రావాలంటే ఊరంతా చుట్టాలి.

ఆ మర్నాటి నుంచి పిలుపు రాలేదు. జమ్ములమ్మ సద్ది కట్టుకుని గడప మీద కూర్చునేది, ఎండెక్కాక విప్పుకుని ఒక్కతే తినేది. వెళ్లి అడగడానికి రోషం అడ్డొచ్చింది. ఏ మాటకు మాలతి మనసు నొచ్చుకుందోనని పాత ముచ్చట్లన్నీ తవ్వుకుంది. దారి తెగితే మనిషే తెగిపోయిందనుకుంది, పిచ్చిది.

ఆ ఏటి పత్తి పని సగమయ్యాక ఉండబట్టలేక ఒక సాయంత్రం చుట్టు తిరిగి మాలతి ఇంటికి వెళ్లింది. మాలతి మంచినీళ్లిచ్చి తల దించుకుంది. ముఠా ఇప్పుడు చేలకు నడిచి పోవడం లేదట, బైపాస్ మీద ఆటో ఎక్కుతోందట.

"చుట్టు తిరిగొచ్చి పిలుద్దమంటే ఆటో ఆగదు అక్కా. వాకిట్లకు రాకుండ గోడ అవతల నిలవడి పిలిస్తే నువ్వు చిన్నబోతవనుకున్న. నువ్వే రోడ్డు మీదికి వస్తవని చూసినం. రాకపోయేసరికి నీ జాగల సుప్రియను తీసుకున్నం."

"పిలవకుండ నేనెట్ల వస్తనే?" అంది జమ్ములమ్మ.

మాలతి వచ్చే ఏడు చూద్దామంది. జమ్ములమ్మ సరేనని లేచి వచ్చింది గానీ, ఆ రాత్రి ఆమెకు ఇల్లు చాలా పెద్దగా అనిపించింది.

తెల్లారి గోడ అవతల నుంచి మాలతి గొంతు వినబడింది. ఖాళీ ప్లాట్ల మీదుగా అంత దూరం నడిచి వచ్చినట్టుంది.

"జమ్ములక్కా... ఓ జమ్ములక్కా."

"వస్తున్న," అంటూ జమ్ములమ్మ కొంగు దోపుకుని లేచింది.

గోడ దాకా పోయి నిలబడింది.

"రాకు అక్కా," అంది అవతలి నుంచి మాలతి. "ఊకెనే పిలిచిన."

దూరంగా ఆటో హారన్ మోగింది. పోయిరమ్మని జమ్ములమ్మ అన్నది అవతలికి వినబడిందో లేదో తెలియదు.