ఆఖరి విడత కాడలు

తడి కాడను రెండు వేళ్ళ మధ్య నలిపి, “లేతది” అనుకున్నాడు కాడల బాబాయ్. పుట్టగొడుగుల షెడ్డువాళ్ళు గొడుగులు కోసుకుని పారేసే కాడల్ని కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టడం పందొమ్మిదేళ్ళుగా ఆయన పని. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

అవి ఎండి పొడయ్యాక, ఈ రోజు పొద్దున ఏడింటికే ఆ విడత పొడిని నీళ్ళలో కలిపి, బాక్టీరియా నుంచి తీసిన ఎంజైమును పోశాడు. అది కాడల కణాల గోడల్ని, అంటే చక్కెర గొలుసుల్ని, ముక్కలుగా కత్తిరిస్తుంది. నాలుగైదు లంకెల ముక్కలుంటేనే ఆ చక్కెర మొక్కల మందుకు పనికొస్తుంది. తొందరపడితే గోడ గోడలాగే ఉంటుంది. ఆలస్యమైతే ముక్కలు కూడా నుగ్గయిపోతాయి. సరైన క్షణంలో మరిగించి ఎంజైమును చంపాలి.

ఆ క్షణాన్ని ఆయన గడియారంలో చూడడు. పాలలా తెల్లగా ఉన్న సీసా వెనక పాత పత్రిక పేజీ నిలబెడతాడు. అక్షరాలు కనబడాలి, చదవడానికి రాకూడదు. అదీ ఆయన లెక్క.

ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. రేపటి నుంచి సీసాలు కొత్త కెమిస్టు అమ్మాయివి. ఆమెకు ఆ ఒక్క క్షణం చూపించాలని వారం నుంచీ ఆయన ఆరాటం.

“ఏడు నుంచి ఎనిమిది గంటలు లెక్కేసి అలారం పెట్టేశా బాబాయ్, మూడింటికి మోగుతుంది,” అందామె మధ్యాహ్నం వచ్చి. “ పైన కేకు తెచ్చి అందరూ మీకోసమే కాచుక్కూచున్నారు. పెళ్ళికొడుకులా తయారై రండి!”

“లేత కాడలమ్మా. మూడుదాకా ఆగవు. ఒక్కసారి నా పక్కన నిలబడి చూడు తల్లీ, చెబితే వచ్చేది కాదిది.”

“మేనేజరు గారికి మొహం చూపించి అయిదు నిమిషాల్లో వచ్చేస్తా. సీసా ఎక్కడికీ పారిపోదుగా!”

“సీసా పారిపోదు. లోపలున్నదే...”

అప్పటికే ఆమె చెప్పులు మెట్ల మీద టపటపమన్నాయి.

ఆయన ఇంకో స్టూలు లాగి, తుడిచి, తన పక్కన వేశాడు. భార్య పోయిన పన్నెండేళ్ళలో ఆదివారాలు కూడా వచ్చి ఎండలో కాడలు తిరగేసి వెళ్ళేవాడు. ఇంటి దగ్గర తిరగేయడానికి ఏమీ లేదు.

ఒంటిగంటా నలభైకి గాజు వెనక నల్లటి మరకలు చీమల్లా కదిలాయి.

“అమ్మాయ్!” మెట్ల వైపు కేకేశాడు. పైన నవ్వులు. ఇంకోసారి పిలిచాడు. మరకలు గీతలయ్యాయి. ఇంకొంచెం ఆగితే మాటలవుతాయి. ఖాళీ స్టూలు వంక ఒకసారి చూసి, సీసాను మరిగే నీళ్ళలోకి దించాడు.

పది నిమిషాల తర్వాత తీసి, మూతికి కాగితం అంటించి, ఆపిన వేళ రాశాడు. సంచీ భుజాన వేసుకుని ఆరు మెట్లెక్కాడు. ఎవరో పాట పాడుతున్నారు, మిగతావాళ్ళు చప్పట్లతో తాళం వేస్తున్నారు. మధ్యలో వెళ్ళి ఆపడం బాగుండదనిపించింది. దిగి, వెనక గేటు నుంచి బస్సుకు నడిచాడు.

మూడింటికి అలారం మోగింది. ఆమె కేకు పళ్ళెంతో పరుగున దిగింది. “బాబాయ్, మీ వాటా!” అంటూ గుమ్మంలోనే ఆగిపోయింది. చల్లారిన సీసా మీద రాసిన వేళను చదువుకుంది. రెండోసారీ చదువుకుంది. మేడ మీద నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళింది.

బల్ల మీద కాగితప్పళ్ళెంలో కేకు ముక్క, అందులో గుచ్చిన చెక్క చెంచా నిటారుగా, అలాగే ఉన్నాయి.