రెండో గొంతు

"స్టీలు డబ్బాలు ఎవరిక్కావాలమ్మా? అందరి గరాజుల్లోనూ మూలపడి ఉన్నాయి" అన్నాడు జగదీష్ మళ్ళీ.

"మూలపడినా డబ్బా డబ్బాయే. సంచి దేనికి పనికొస్తుంది?" అంది ఆండాళమ్మ.

ఆదివారం బేస్‌మెంట్‌లో ఇచ్చే పార్టీకి రిటర్న్ గిఫ్టుగా ఏమివ్వాలన్నది ఆ తల్లీ కొడుకుల తగవు. పసుపూ కుంకుమా పెట్టి స్టీలు డబ్బా ఇస్తే కొత్త కంపెనీకి శుభమని ఆవిడ. ఆఫ్రికాలోని మలావి నుంచి తెప్పించిన అచ్చు గుడ్డతో చిన్న సంచులు కుట్టించి ఇస్తే చేసిన పని నలుగురికీ గుర్తుండిపోతుందని ఆయన. ఆ గుడ్డ నిన్ననే అమెరికాలో హెర్న్‌డన్ ఊళ్ళోని ఈ ఇంటికి చేరింది. డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీల గిన్నె జరిపి దాన్ని పరిచారు. పసుపు రంగు మీద నల్లటి చేపలు. ఇషిత ఓ కొసని భుజం మీద వేసుకుని ఫోన్‌లో తన ఫొటో తీసుకుంటోంది.

"నానమ్మా, ఇది సో క్యూట్. స్టీల్ బాక్స్ బోరింగ్ ఉంటది" అంది.

"మీ అమ్మనడుగు, ఏమంటుందో" అంది ఆండాళమ్మ.

రాధారాణి చెవిలోని ఇయర్‌ఫోన్ తియ్యలేదు. ఏదో ఒకటి ఇవ్వండి అంది. ఆమె పళ్ళెంలో చట్నీ ఆరిపోయి అంచు కట్టింది.

జగదీష్ చాలా ఏళ్ళు వేరేవాళ్ళ కంపెనీల్లో ఆఫ్రికా దేశాల సర్వేలు చేయించాడు. అమెరికా ప్రభుత్వం బయటి దేశాలకిచ్చే సాయం ఆపేశాక ఆ కంపెనీలు వరసగా మనుషుల్ని పంపించేశాయి. ఆయన ఉద్యోగం కూడా పోయింది. ఆరు నెలలు లింక్డిన్ చూస్తూ కూర్చుని, ఆఖరికి ఈ ఇంట్లోనే సొంత కంపెనీ తెరిచాడు. ఒక ఫౌండేషన్ వాళ్ళు మొదటి పని ఇచ్చారు. మలావి పల్లెల్లో పెళ్ళయిన చిన్న వయసు ఆడపిల్లల్ని కలిసి, వాళ్ళ జీవితం ఎంతవరకు వాళ్ళ చేతిలో ఉందో అడగాలి. ఆస్పత్రికి వెళ్ళాలంటే ఎవరు నిర్ణయిస్తారు, పిల్లలు ఎప్పుడు కావాలో ఎవరు చెబుతారు, కానుపు ఎక్కడ, గర్భం రాకుండా ఏం వాడుతున్నారు. స్టాటిస్టిక్స్ చదివిన రాధారాణి వచ్చిన జవాబులు సరిచూస్తుంది. మెడికల్ స్కూలుకి అప్లై చేస్తున్న ఇషిత చార్టులు గీసింది. రిపోర్టు మీద ముగ్గురి పేర్లూ ఉన్నాయి. సోమవారం అది ఫౌండేషన్‌కి వెళ్తుంది. పార్టీ అందుకే.

జవాబులు ఎంతో బాగా వచ్చాయి. పదిమందిలో ఎనిమిదిమంది ఆడపిల్లలు నా ఆరోగ్యం గురించి నేనే నిర్ణయించుకుంటానన్నారు. జగదీష్ ఆ మాటని బ్యానర్ మీద వేయించాడు. ఆ అంకె చూసినప్పటి నుంచీ రాధారాణికి నమ్మకం కుదరలేదు. పద్దెనిమిదేళ్ళ కోడళ్ళు ఇన్ని ఊళ్ళలో ఇంత ఒకేలా మాట్లాడతారా అనిపించింది. అందుకే ఈ వారం ఆడియోలు వినడం మొదలుపెట్టింది.

ప్రశ్నలు సరిగ్గా అడుగుతున్నారో లేదో చూడ్డానికి, ఆ పిల్లల అనుమతితోనే, జవాబులు నింపుకునే టాబ్లెట్ మధ్యమధ్య కొన్ని నిమిషాలు రికార్డు చేస్తుంది. రాధారాణికి వాళ్ళ భాష రాదు. అయినా ఎన్ని గొంతులున్నాయో వినబడుతుంది కదా. సర్వే అమ్మాయి ప్రశ్న అడుగుతుంది. కాసేపు ఏమీ ఉండదు, ఎక్కడో కోళ్ళు, దంచుతున్న రోకలి. తర్వాత జవాబు వస్తుంది. అది వయసు మళ్ళిన గొంతు. ఇంకో ఊరి రికార్డులో ఇంకో పెద్దావిడ గొంతు. కొన్నింటిలో పెద్దావిడ ముందు చెబుతుంది, తర్వాత పిల్ల అదే మాట సన్నగా అప్పజెబుతుంది.

అక్కడ సర్వే చూసుకునే టివోంగే అనే ఆమెని నిన్న వీడియో కాల్‌లో అడిగింది. టివోంగే ఆశ్చర్యపోలేదు. మీ ఆయనే కదా చెప్పారు అంది. ఇలాంటి ప్రశ్నలు ఆడపిల్లని ఒంటరిగా, ఇంకెవరికీ వినబడని చోట అడగాలన్నది ఈ పనిలో మొదటి నియమం. సర్వే అమ్మాయిలకిచ్చిన ట్రైనింగ్‌లో జగదీష్ దాన్ని మార్చాడు. పెద్దవాళ్ళని బయటికి పొమ్మంటే అవమానపడతారు, మా వైపూ అంతే, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, గౌరవంగా ఉంటుంది, ఎవరూ కాదనరు అన్నాడట. నిజంగానే ఎవరూ కాదనలేదు. పని గడువు కన్నా ముందే అయిపోయింది.

టివోంగే ఇంకో సంగతి కూడా చెప్పింది. ఒక ఊళ్ళో ఒక పిల్ల, పేరు చెప్పలేదు, చెప్పకూడదు. మొగుడు దక్షిణాఫ్రికాలో పనిలో ఉన్నాడు, వచ్చి పోతుంటాడు. చంటిబిడ్డ తల్లి. గర్భం రాకుండా ఏం వాడుతున్నావని అడిగితే ఆ పిల్ల మాట్లాడలేదు. నేర్పినట్టే సర్వే అమ్మాయి మళ్ళీ అడిగింది. క్లినిక్‌లో మూడు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ అని పిల్ల చెప్పింది. ఆ ఇంట్లో ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అత్తగారు పక్కనే ఉంది. ఆ సాయంత్రమే పిల్లని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. బిడ్డని ఇవ్వలేదు. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్ళో పిన్ని ఇంట్లో ఉంది. సర్వే వల్ల ఎవరికైనా కష్టం వస్తే చూసుకోవడానికి ఫౌండేషన్ అక్కడి మహిళా సంఘం ఒకదాన్ని ముందే మాట్లాడి పెట్టింది. జరిగింది ఇదీ అని కంపెనీ రాసిస్తే తప్ప వాళ్ళు కదలరు. వెంటనే జగదీష్‌కి చెప్పానని, చూస్తామన్నారని టివోంగే అంది. చెప్పి నెల దాటింది.

పాలు తాగే బిడ్డ. నెల. ఆ పిల్లకి పాలు ఇంకిపోయి ఉంటాయి. రాధారాణి నిన్నటి నుంచీ ఇంకేమీ ఆలోచించలేకపోతోంది.

ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "ఆ పిల్ల సంగతి మీకు తెలుసట కదా. టివోంగే చెప్పింది."

జగదీష్ రెండో కొస నుంచి గుడ్డ మడత పెడుతున్నాడు. మడత ఆపలేదు. "అది ఇన్‌కంప్లీట్ ఇంటర్వ్యూ రాధా. డేటాలోంచి డ్రాప్ చేసేశాం."

"బిడ్డ?"

"ఏ బిడ్డ?"

ఆయన నిజంగానే గుర్తులేక అడిగాడు. రాధారాణి ఆయన చేతులకేసి చూసింది. పాతికేళ్ళుగా ఆ చేతులకి కాఫీ అందించింది. అవి చేపల బొమ్మలు సరిగ్గా ఒకదానిమీద ఒకటి వచ్చేలా గుడ్డ మడుస్తున్నాయి.

ఏమిటా గొడవ అని ఆండాళమ్మ అడిగింది. జగదీష్ చాలా ఓపిగ్గా తల్లికి చెప్పాడు. ఎక్కడో ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకున్నారని, రాధ దాన్ని పెద్దది చేస్తోందని. ఇప్పుడు రాస్తే ఫౌండేషన్ రిపోర్టు మొత్తం తిప్పి కొడుతుందని, కంపెనీ మొదటి అడుగులోనే మూతపడుతుందని, రిపోర్టు ఆమోదమయ్యాక తనే ఏదో ఒకటి చేస్తానని అన్నాడు. తర్వాత ఆ రికార్డు ఏదీ, ఏముందో చూద్దాం అంటూ రాధారాణి ముందున్న లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు.

"స్పీకర్‌లో పెట్టకండి. బయటపెట్టబోమని మాటిచ్చి తీసుకున్నది అది. ఇంట్లో అందరూ వినేది కాదు" అంది రాధారాణి.

"ఇక్కడ ఆ భాష ఎవరికి అర్థమవుతుంది?" అని పెట్టేశాడు.

ప్రశ్న. కోళ్ళు. మళ్ళీ అదే ప్రశ్న. సన్నటి గొంతు రెండు మాటలు అంది. బల్లో, పీటో వెనక్కి జరిగిన చప్పుడు. పెద్దావిడ గొంతు ఒక్కసారిగా లేచింది, ఒక దెబ్బ వినబడింది, రికార్డు అక్కడితో ఆగిపోయింది.

"అత్తగారే. చెంప మీద కొట్టింది" అంది ఆండాళమ్మ. ఇడ్లీ తుంచుకుంది. "అయినా మొగుడికి తెలియకుండా సూదులు వేయించుకోవడమేమిటి, ఆ పిల్లకి మాత్రం?"

ఇషిత భుజం మీది గుడ్డ తీసేసింది. "డాడ్, ఇది వయొలేషన్ కదా? ప్రైవేట్‌గా అడగాలి. మాకు క్లాస్‌లో చెప్పారు."

అది లోకల్ కల్చర్ అన్నాడు జగదీష్. నీకు అర్థం కాదు నాన్నా అన్నాడు.

కూతురు ఇంకేదో అంటుందని రాధారాణి ఎదురు చూసింది. ఇషిత ఫోన్‌కేసి చూసుకుంటోంది. "నా మెడ్ స్కూల్ అప్లికేషన్ ఎస్సేలో ఆ ఎయిటీ పర్సెంట్ రాశాను. సబ్మిట్ చేసేశాను అమ్మా. ఇంటర్వ్యూ కాల్స్ వచ్చే టైమ్ ఇది. కొన్ని వీక్స్ తర్వాత చెప్పొచ్చు కదా?"

జగదీష్ మాటకి ఒళ్ళు మండింది. ఆండాళమ్మ మాట ఎప్పుడూ వినేదే. ఈ మాట మాత్రం రాధారాణి ఎదురుచూడనిది. ఆడవాళ్ళ డాక్టరునవుతాను అంటుంది ఈ పిల్ల. నిన్న మొన్నటిదాకా ఒళ్ళో పడుకున్న పిల్ల. కొన్ని వీక్స్ అంటోంది, ఆ బిడ్డ అక్కడ ఏ పాలు తాగుతోందో అడగకుండా.

"అమ్మ ఒప్పుకుంటుందిలే" అన్నాడు జగదీష్ కూతురితో. "టెన్షన్‌లో ఉంది, నిద్ర లేదు. సోమవారం పంపేశాక తనే అంటుంది మంచి పని చేశామని. ఏం రాధా?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. తల్లి వైపు తిరిగి సరే స్టీలు డబ్బాలే ఇద్దాం, దాంట్లో ఈ గుడ్డ ముక్క ఒకటి మడిచి పెడదాం అన్నాడు. ఆండాళమ్మకి అది నచ్చింది. డబ్బాలో ఊరికే గుడ్డ పెట్టకూడదు, గుప్పెడు పంచదార కూడా వెయ్యాలంది. ఇషిత నవ్వింది. తగవు తీరిపోయింది.

రాధారాణి పళ్ళెం తీసుకెళ్ళి సింక్ దగ్గర ఇడ్లీలు చెత్తలోకి తోసింది. చేతులు కడుక్కుంది, సబ్బుతో మళ్ళీ కడుక్కుంది. రిపోర్టు మీద మూడు పేర్లలో తనదీ ఒకటని, ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ పిల్ల చెంప మీద పడిన దెబ్బలో తన చెయ్యి కూడా ఉన్నట్టేనని అనిపించింది. బయట పక్కింటివాళ్ళు గడ్డి కోయిస్తున్నారు. ఆ మోత ఆగేదాకా నిలబడింది. తర్వాత వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"ఒక మాట చెబుతున్నాను, అందరూ వినండి" అంది. గొంతు పెంచలేదు. మాటలు తడబడకుండా నెమ్మదిగా వచ్చాయి.

"మధ్యాహ్నం ఫౌండేషన్‌కి రాస్తాను. పక్కన పెద్దవాళ్ళు కూర్చున్న ఇంటర్వ్యూలు ఒక్కటీ లెక్కలోకి రావని. ఆ నియమం మార్చింది మనమేనని. మన ప్రశ్న వల్లే ఆ పిల్లని గెంటేశారని, బిడ్డని తల్లి దగ్గరికి చేర్చే మనిషిని ఈవేళే పంపమని. ఇషితా, నీ పేరు రిపోర్టులోంచి నేను తీసేస్తున్నాను. నీ కాలేజీలకి ఏం చెప్పుకుంటావో నువ్వు చూసుకో. అత్తయ్యా, ఆదివారం ఎవరూ రావడం లేదు. అందరికీ నేనే ఫోన్ చేసి చెబుతాను."