తలుపు వేసి అడిగిన ప్రశ్న

అమెరికాలోని మేరీలాండ్‌లో కెజియాకు తండ్రి ఇచ్చిపోయిన నేల నలభై ఎకరాలు, వాగు ఒడ్డున. అందులో ఆపిల్ తోట, తోట చివర ఆమె ఇద్దరు పిల్లల సమాధులు. మొగుడు ఓబెడ్‌కు అదంతా అమ్మేసి కొండల అవతల కొత్త భూమి కొనాలని యావ. కొనేవాణ్ణి చూశాడు, పత్రం రాయించాడు, బండి కట్టాడు. పెళ్ళాన్ని అడిగాడా అంటే, ఎందుకడుగుతాడు? ఎద్దుల్ని అడిగి బండి కడతామా!

"లోపల ఆయన ఏదో అడుగుతాడు. 'నా ఇష్టమే' అను, అంతే. అటూ ఇటూ వాగావో, చెప్తా నీ సంగతి" అన్నాడు కచేరీకి పోయే దారిలో.

పెళ్లయిన ఆడదాని పుట్టింటి భూమి అమ్మాలంటే ఆమెను మొగుడు లేకుండా విచారించాలని ఆ రోజుల్లో చట్టం. మేజిస్ట్రేటు టాల్బట్ ఓబెడ్‌ను బయటికి పంపి తలుపు వేశాడు. కలం సిరాలో ముంచాడు.

"మీ ఆయన బెదిరింపూ బలవంతమూ లేకుండా, నీ ఇష్టంతోనే ఇస్తున్నావా అమ్మా?"

పదిహేనేళ్ల కాపురంలో నీ ఇష్టమేమిటని ఆమెను అడిగిన మొదటి మనిషి ఆయనే. అదీ తలెత్తకుండా! జవాబు వినకముందే "ఇష్టమే" అని రాసుకుపోతున్నాడు మహానుభావుడు.

"లేదు దొరా."

కలం ఆగింది. "ఏమన్నావ్?"

"నాకిష్టం లేదు. అక్కడ నా పిల్లలున్నారు."

టాల్బట్ అప్పుడు ఆమె ముఖం చూశాడు. "తల్లీ, ఈ కాగితం నేను చింపెయ్యగలను. మీ ఆయన కోపాన్ని మాత్రం ఆపలేను. రేపు నీకు తోడెవరమ్మా?"

"ఇప్పుడు మాత్రం ఎవరున్నారు దొరా?"

పత్రం చిరిగింది. ఓబెడ్ బండెక్కి వెనక్కి చూడకుండా పోయాడు. కెజియా తొమ్మిది మైళ్లూ నడిచి ఇల్లు చేరింది. ఆ వారంలోనే అతను ఎద్దుల్నీ తుపాకీనీ ఇంట్లో సామాన్లనూ బండికెత్తుకుని కొండలు దాటిపోయాడు. చట్టప్రకారం అవన్నీ మొగుడివే మరి, ఆమె కప్పుకునే దుప్పటితో సహా. దుప్పటీ, ఒక గిన్నే మాత్రం వదిలిపెట్టాడు.

ఆపిల్ కోతలు వచ్చాయి. మూడు వారాలుగా ఆమె మనిషి గొంతు వినలేదు. ఒక పొద్దున మొక్కజొన్న జావ కాచుకుని, ఎందుకో లేచి వెళ్లి తలుపు వేసింది. టాల్బట్ గొంతు తెచ్చుకుని పైకే అడిగింది.

"నీ ఇష్టంతోనే ఇక్కడ ఉండిపోయావా అమ్మా?"



"ఇష్టమే దొరా" అంది. అని, ఆ జావ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, బుట్ట పట్టుకుని పిల్లలున్న వైపు చెట్ల దగ్గరికి కోతకు వెళ్లింది.