పెద్దబాతులు గుర్తుపట్టిన కోటు

మర్డో గెడ్డీస్ భార్య జానెట్‌ను ఐవర్ స్ట్రాకన్ దొంగిలించాడు. ఆమె ఒక్కనాడూ మొగుడి ఇల్లు విడిచిపోలేదు. ఆ ఇంట్లోనే జబ్బుపడింది, ఆ ఇంట్లోనే పోయింది. అయినా దొంగిలించాడు. మర్డో మనసులో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

జానెట్‌ను పూడ్చిన రోజు ఐవర్ ఏడ్చాడు. పక్క పొలంవాడు, పెళ్ళీ పెటాకులూ లేనివాడు, అందరి ముందూ టోపీలో ముఖం దాచుకుని ఏడ్చాడు. మర్డో ఏడవలేదు. చర్చి మెట్ల మీద నిలబడి ఆ ఏడుపునే చూశాడు. పరాయి మగవాడికి అంత ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా కంచె ఉంది గానీ మాట లేదు.

రెండేళ్ళు గడిచాయి. ఆ వసంతంలో ఒటాగో కొండల కింది సరస్సును పెద్దబాతులు కమ్మేశాయి. నల్ల మెడలు, తెల్ల గడ్డాలు. ఈనిన గొర్రెల కోసం పెంచిన గడ్డిని మొదలంటా కొరికి, మిగిలిన దాని మీద రెట్టలు వేశాయి. తుపాకుల సంగతి అవి ఎప్పుడో పసిగట్టేశాయి. రైతులంతా ఉన్ని కత్తిరించే కొట్టంలో కూర్చుని, మత్తుమందు కలిపిన గింజలు పెట్టిద్దామనుకున్నారు. ఆ పనికి లైసెన్సు ఉన్న మెరే పరాటాను పిలిచారు.

ఆమె పద్ధతి ఆమెది. ముందు కొన్నాళ్ళు ఉత్త బార్లీ చల్లాలి. అదే చోట, అదే వేళకు, అదే మనిషి, అవే బట్టలతో. పక్షులకు నమ్మకం కుదిరాక ఒక ఉదయం మందు కలిపిన గింజ. తిన్నవి గడ్డి మీదే తూలి పడుకుంటాయి. నీళ్ళలోకి జారకముందే ఏరి మెడ విరిచెయ్యాలి. పొరపాటున తిన్న వేరే పక్షులుంటే వెచ్చగా కప్పి ఉంచాలి, మర్నాటికి లేస్తాయి.

మంచి గడ్డి మర్డో పొలంలోనే ఉంది కాబట్టి చల్లే పని అతనికి పడింది. అతను చల్లాడు. బాతులు తుపాకీ దెబ్బకు అందనంత దూరాన నిలబడి చూశాయి. ఒక్కటీ రాలేదు.

మెరే నవ్వింది. "నిన్ను బాగా గుర్తుపెట్టుకున్నాయి పెద్దాయనా. తుపాకీ పట్టినప్పుడు ఎన్నడూ వేసుకోనిది ఏదైనా వేసుకుని రా."

అలాంటి బట్ట మర్డో దగ్గర లేదు. తలుపు వెనక కొక్కేనికి జానెట్ పసుపుపచ్చ రెయిన్‌కోటు వేలాడుతోంది. ఆమె పోయాక దాన్ని ఎవరూ కదపలేదు. మర్నాడు పొద్దున్నే అతను దాన్ని తొడుక్కున్నాడు. వీపు దగ్గర బిగిసింది, చేతులు మోచేతుల కిందికి రాలేదు.

సరస్సు ఒడ్డుకు చేరాడో లేదో బాతులు లేచాయి. ఐవర్ గట్టు వైపు నుంచి, కంచె మీదుగా, అరుచుకుంటూ నేరుగా అతని మీదికి వచ్చాయి. ఒక కుంటిది మిగతావాటిని కసురుతూ ముందుకొచ్చి కోటు జేబును ముక్కుతో లాగింది. మర్డో జేబులో చెయ్యి పెట్టాడు. ఎండి పొడైన రొట్టె తగిలింది.

సరస్సు చెమ్మ తన రొమ్ముకు పడదనేది జానెట్. అతను కుక్కలను తీసుకుని కొండెక్కేవాడు, ఆమె ఇంట్లో ఉండేది. ఉండేదనే అతను అనుకున్నాడు.

ఐవర్ కంచె దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. టోపీ తీసింది తనకోసం కాదని మర్డోకు తెలుసు.

"మందు ఎప్పుడు పెడతారు?" అన్నాడు ఐవర్.

"నీకెందుకు?"

"ఆ కుంటిదాన్ని వదిలెయ్ మర్డో. జానెట్ దానికి పేరు పెట్టింది."

"ఏం పేరు?"

ఐవర్ టోపీ అంచు తిప్పాడు. మర్డో మళ్ళీ అడిగాడు.

"నీ పేరే. అందర్నీ కసురుతుంది కదా, అందుకని. దానికే ముందు రొట్టె పెట్టేది."

"నువ్వు నవ్వేవాడివా?"

"ఇద్దరం నవ్వేవాళ్ళం."

ముందు పెట్టేదన్న మాట మర్డో చెవికి ఎక్కలేదు. ఇద్దరం అన్నది మాత్రం ఎక్కింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో అతనికి జ్ఞాపకం లేదు. ఆ నవ్వంతా ఇక్కడ, ఈ గట్టు మీద, ఈ మనిషి ముందు ఖర్చయిపోయింది. అతను వెనక్కి తిరిగి బార్లీ చల్లాడు.

మందు పెట్టిన రోజున గాలి లేదు. బాతులు తిన్నాయి, తాగినవాళ్ళలా నడిచాయి, మెడలు వాల్చాయి. మెరే, మర్డో చెరో వైపు నుంచీ ఏరుతూ వచ్చారు. మర్డో ఒక్కో మెడా విరిచి పక్కన పడేశాడు. కుంటిది పసుపుపచ్చ కోటు కాళ్ళ దగ్గరే పడి ఉంది. దాని మెడ పట్టుకున్నాడు. కంచె అవతల ఐవర్ నిలబడి చూస్తున్నాడు.

మెడ విరిస్తే ఐవర్ మళ్ళీ ఏడుస్తాడు. వదిలేస్తే అది ఐవర్‌ది అవుతుంది. మర్డో మెడ వదిలి, కోటు విప్పి, బాతును అందులో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"అది చావాల్సిన జాతే పెద్దాయనా," అంది మెరే.

"తెలుసు," అని బండెక్కాడు.

వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టాడు. రాజేసిన పొయ్యి ఆరనివ్వలేదు. వేడికి దాని ఈకల్లోంచి సరస్సు వాసన వచ్చింది. ఆ వాసన అతనికి తెలుసు. జానెట్ జుట్టులో ఉండేది. కోళ్ళగూడు వాసన అని చెప్పేది.

తెల్లారేసరికి అది కళ్ళు తెరిచింది. అతను రొట్టె తుంచి పెట్టాడు. అది అతని వేలు కరిచింది. కోటు మీద రెట్ట వేసి, లేచి, తలుపు దగ్గరికి కుంటుకుంటూ పోయి నిలబడింది. మర్డో కాసేపు కుర్చీలోంచి కదలలేదు. తర్వాత లేచి తలుపు తీశాడు.

అది సరస్సు వైపు చూడలేదు. పచ్చిక దాటి, కంచె కింద దూరి, నేరుగా ఐవర్ ఇంటి మెట్ల దగ్గరికి పోయింది. ఆ దారి దానికి కంఠతా వచ్చు. ఐవర్ వాకిట్లోకొచ్చి, దాన్ని చూసి, మెట్టు మీదే చతికిలబడ్డాడు.

మధ్యాహ్నం ఐవర్ మొదటిసారి మర్డో గడపకు వచ్చాడు. చేతిలో టోపీ ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దాన్ని బతికించింది నువ్వేనా?" అని అడిగాడు. జానెట్ గురించి చెప్పాల్సింది ఒకటుందని, చెడ్డది కాదని, వింటే నీ మనసుకే మంచిదని అన్నాడు.

మర్డో తలుపు వెనక కొక్కేనికి ఆ కోటు తగిలించాడు, రెట్ట కడగకుండానే.

"ఏ బాతు?" అన్నాడు. తలుపు వేశాడు. ఆ ఊళ్ళో ఎవరు అడిగినా, మెరే అడిగినా, పాదిరి అడిగినా, చచ్చేదాకా ఆ మాట ఎత్తనివ్వలేదు.