పంచదార డబ్బా కింది పేజీ

అలమర అరల్లో పరిచిన కాగితాలు జిడ్డు పట్టాయి. కొత్తవి వెతుక్కోనక్కర్లేదు, మా ఇంట్లో కాగితాలకు కరువు లేదు. పొద్దున్నే వారపత్రిక నుంచి నా కథ తిరిగొచ్చింది. ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నామని ఎప్పటి ముక్కే. ఈసారి సంపాదకుడు పక్కన చేత్తో ఒక మాట అదనంగా రాశాడు: "నడక నెమ్మది." ఇక చాలనుకున్నాను. స్టూలెక్కి మొదటి మూడు పేజీలు పై అరలో పరిచాను, మిగిలినవి మధ్య అరలో. వాటి మీద డబ్బాలు పెట్టేసి చేతులు దులుపుకున్నాను. రాయడమనే పని ఇవాళ్టితో సరి.

నిజం చెప్పాలంటే కాస్త హాయిగానే అనిపించింది. చుట్టాలొచ్చినప్పుడు మా ఆయన "మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు ఏవో రాస్తుంటుందిలెండి" అని చెప్పక్కర్లేదు. ఆ ఖాళీ ఎక్కడుందో ఆయన్నే అడిగి తెలుసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. కుక్కర్ కూతకీ కూతకీ మధ్యనా, ఆరేసిన బట్టల మీదికి వాన వచ్చేలోపా? ఆడపడుచు కూడా ఇక "వదినా, నన్ను మాత్రం కథలో పెట్టకు తల్లీ" అని దణ్ణాలు పెట్టక్కర్లేదు. పెట్టానని ఆమెకింకా తెలియదు. కథలు తిరిగి రావడంలో ఆ ఒక్క లాభం ఉంది.

సాయంత్రం మేడ మీంచి బట్టలు తెచ్చేసరికి వంటింటి నేలంతా డబ్బాలు. మధ్యలో అత్తయ్య, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి, తల అలమరలో దూర్చి ఉన్నారు. అక్షరం కనిపిస్తే ఆవిడ వదలరు. మందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీ కూడా చివరిదాకా చదివి గానీ మందు మింగరు.

"ఏం కావాలి అత్తయ్యా?"

"పంచదార కోసం వచ్చాను. డబ్బా తీస్తే కింద ఎవరో, తన స్టాపు వచ్చినా బస్సు దిగలేదని ఉంది. ఎందుకు దిగలేదో తెలియొద్దూ? మిగతాది ఏ డబ్బా కింద పెట్టావో ఏమో, అన్నీ దింపాల్సొచ్చింది. నడుం పడిపోయిందనుకో."

"మొత్తం చదివేశారా?"

"చదివాను. ఆఖర్న ఆ పిల్ల ఫోన్ ఎత్తదు చూడూ, మంచి పని చేసింది." ఆవిడ గొంతు తగ్గించారు. "నేనూ ఒకసారి అలాగే ముందుకెళ్లిపోదామనుకున్నాను. సంచిలో కూరగాయలున్నాయని దిగిపోయాను."

మొదలు పై అరలో ఉందని చెప్పి, స్టూలెక్కి ఆ పేజీలు తీసిచ్చాను. ఆవిడ నిలబడే చదివారు. నేను బట్టలు మడతపెడుతున్నట్టు నటిస్తూ ఆవిడ మొహమే చూస్తున్నాను. సంపాదకుడి కవరు విప్పేటప్పుడు కూడా నా గుండె ఇంత కొట్టుకోలేదు.

"ఇదేంటమ్మాయ్, వాళ్ల తాతగారు, ఇంటి తలుపులు, కిటికీ రెక్కలు... బస్సెప్పుడొస్తుంది?"

"నాలుగో పేజీలో."

"అందాకా నేను స్టాపులో నిలబడాలా? ఇవేవీ చదవకుండానే ఆ పిల్ల నాకు తెలిసిపోయిందిగా. పైవి పైనే ఉంచు."

ఒళ్లు మండింది. ఆ తాతగారి మీసాల కోసమే నేను ఎన్ని పూటలు తిప్పలు పడ్డానో! మండి, మండి, చివరికి నవ్వొచ్చింది. పత్రికవాళ్లు తాతగారి దగ్గరే ఆగిపోయారు. అత్తయ్య బస్సెక్కి చివరిదాకా వెళ్లొచ్చారు.

"పంపితే మళ్లీ తిరిగొస్తుందేమో అత్తయ్యా."

"రానీ. కింది అరకి ఇంకా కాగితం వెయ్యలేదుగా నువ్వు."

అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలో ఆగిపోయారు. "ఏంటీ సంత? ఇవాళ టీ లేదా?"

"టీ పొడి నీ కాళ్ల దగ్గరే ఉందిరా. ముగ్గురికీ పెట్టు," అన్నారు అత్తయ్య. "అమ్మాయికి పనుంది."

పని. ఈ ఇంట్లో నా రాతను ఎవరైనా ఆ మాటతో పిలవడం అదే మొదలు.

డబ్బాల అడుగులు గుండ్రంగా అచ్చుపడ్డ పేజీలు తీసుకుని ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాను. కొత్త కాగితం మీద, అన్నిటికంటే పైన, "తన స్టాపు వచ్చినా ఆమె బస్సు దిగలేదు" అని రాశాను.

"పంచదార ఎంత వెయ్యాలోయ్?" వంటింట్లోంచి కేక.

నేనూ లేవలేదు.