పెన్సిలు కదలకూడదు

ఎదురింటి కుట్టుమిషనావిడ ఇస్త్రీ ఆవిడతో అందట. ఇస్త్రీ ఆవిడ ఆ మాటను దుప్పట్లతో పాటు మడత నలగకుండా తెచ్చి మేస్త్రీ భార్యకు అప్పజెప్పింది. తుపాకుల మేస్త్రీ నిన్న పొద్దున సందు మలుపులో నిలబెట్టి ఉన్న స్కూటరును గుద్దుకుని, "ఏమనుకోకు బాబూ, చూసుకోలేదు" అని దాని భుజం తట్టి మరీ వెళ్లాడట. స్కూటరు మీద ఎవరూ లేరట. చూస్తున్న కుట్టుమిషనావిడ నవ్వు ఆపుకోలేక సూది వేలికి గుచ్చేసుకుందట.

"మీ ఆయన మనిషిని గుద్దినా ఆ మాట అనడు. మా ఆయన బండికైనా అన్నాడు," అంది మేస్త్రీ భార్య. ఇద్దరూ నవ్వుకున్నారు.

తలుపు వేసి దుప్పట్లు మంచం మీద పెట్టి, ఆమె వాటి పక్కనే కూర్చుండిపోయింది.

కొన్ని నెలలుగా ఆయన గ్లాసు అంచు మీద వేలు పెట్టుకుని టీ పోసుకుంటున్నాడు. వచ్చిన మనిషి గొంతు విన్నాకే పలకరిస్తున్నాడు. పనిగదిలో బల్బు మూడుసార్లు మార్పించి, "ఈమధ్య వెలుతురులో కూడా నీళ్లు కలిపి అమ్ముతున్నారే" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. బల్ల తుడుస్తూ ఆమె స్క్రూడ్రైవరును అరంగుళం పక్కకు జరిపిందని ఒకరోజు ఇల్లు అదిరేలా అరిచాడు. చూసి తీసుకునేవాడికి అరంగుళం ఏ మూలకు? తడిమి తీసుకునేవాడికే అది కావాలి.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కళ్ల డాక్టరు మాట ఎత్తింది. "కళ్లు చూపించుకుంటున్న మేస్త్రీ చేతిలో పిస్తోలు ఎవడు పెడతాడే?" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఆ ఒళ్లో చేతుల్ని ఆమె చూడలేకపోయింది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

షూటింగ్ క్లబ్బు ప్రహరీకి ఆనుకుని ఉన్న రెండు గదులు వాళ్లవి. ఒకటి కాపురానికి, ఒకటి పనికి. పోటీల్లో కాల్చేవాళ్లు ట్రిగ్గరు బరువుగా ఉందన్నా, పిడి చేతికి కుదరలేదన్నా, అక్కడికే వస్తారు. ఇరవై రెండేళ్ల కింద మేస్త్రీ ఒక నియమం పెట్టాడు. తను చెయ్యి వేసిన ప్రతి పిస్తోలులో మొదటి పది తూటాలూ తన భార్యే కాల్చాలి. "నా ఇంటి మనిషి చేతిలో పేలాకే మీ చేతికి," అనేవాడు. ఆ ఒక్క మాటకే జనం వచ్చారు. క్లబ్బులో ఆమెకు పది తూటాలావిడ అని పేరు పడిపోయింది. తూటాలు దిగిన గురి అట్టలను ఆమె పనిగది గోడకున్న మేకుకు ఒకదాని మీద ఒకటి గుచ్చిపెడుతుంది. ఆయన చూపు మీద మొదట అనుమానం వచ్చిన రోజున గుచ్చిన అట్ట మూలను, ఎందుకో ఆమెకే తెలియకుండా, మడిచింది. ఆ మడత అట్టతో కలిపి ఇప్పటికి పది అయ్యాయి.

ఆ మధ్యాహ్నమే పదకొండోది వచ్చింది. తెచ్చినది ఆమె అన్న కూతురు.

ఎల్లుండి ఎంపిక పోటీ అట. ట్రిగ్గరు చివర్లో రాయిలా బిగుసుకుంటోందట, గురి కుదిరిన క్షణం కాస్తా వేలు లాగే లోపు పోతోందట. పోటీకి ముందు నిర్ణేతలు ట్రిగ్గరుకు కిలో బరువు తగిలించి పైకి ఎత్తి చూస్తారు. అది జారకుండా నిలబడాలి. నిలబడుతూనే, అంతకు మించి ఒక్క గ్రాము కూడా బరువు అనిపించకూడదు. మేనకోడలు ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "నీ చేతిలో పెట్టేశాను మామయ్యా, ఇక నాకు దిగుల్లేదు," అంది.

"నీ దిగులు నాకిచ్చేసి పో," అన్నాడు మేస్త్రీ. నవ్వాడు గాని, ఆ నవ్వును పిల్ల ముఖం మీదికి కాక, పిల్ల చెవి మీదికి విసిరాడు.

పని అంతా ఒక చిన్న ఉక్కు ముక్క మీద. చిటికెన వేలి గోరంత ఉంటుంది. మేస్త్రీ దాన్ని కొక్కెం అంటాడు. లోపల ఎక్కుపెట్టి ఉన్న సుత్తిని పడకుండా పట్టుకునేది అదే. ట్రిగ్గరు లాగితే కొక్కెం తప్పుకుంటుంది, సుత్తి పడుతుంది, తూటా పేలుతుంది. కొక్కెం అంచును సానరాయి మీద నునుపు చేస్తే ట్రిగ్గరు వెన్నలా కదులుతుంది. పెళ్లైన కొత్తలో ఆయన ఆమెకు చెప్పిన మొదటి పాఠం దీని గురించే. ఈ ఉక్కుకు పైన ఒక చర్మం ఉంటుంది, ఉల్లిపొర కన్నా పలచన. గట్టిదనమంతా ఆ చర్మానిదే. దాన్ని నునుపు చెయ్యాలి గాని దాటకూడదు. దాటితే లోపల మెత్తన. అప్పుడది పదిసార్లు పట్టుకుంటుంది, వందసార్లు పట్టుకుంటుంది, ఆ తర్వాత ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు.

సానరాయి మీద ఆయన చెయ్యి ఎప్పటిలాగే నడిచింది. ఆ చేతికి ఏ లోటూ లేదు. కాసేపటికి కొక్కేన్ని గుడ్డతో తుడిచి, భూతద్దం కింద పెట్టి, ఆమెను పిలిచాడు.

"ఈ బల్బు దరిద్రం, నువ్వోసారి చూడు. అంచంతా ఒకే రంగుందా?"

ఆమె వంగి చూసింది. అంచు పొడవునా నీటి మీద ఎండలా మెరుస్తోంది. ఒక మూల మాత్రం మెరుపు లేదు. బూడిద రంగులో, ఆవగింజలో సగం ఉంటుందేమో. నీడ కావచ్చు, నూనె మరక కావచ్చు. గుడ్డతో తుడిచింది. పోలేదు.

"చెప్పవే. ఒకటేనా?"

తలెత్తింది. ఆయన ఆమె జవాబు కోసం ముఖం చాచి ఉన్నాడు. కళ్లు మాత్రం ఆమె భుజం దాటి తలుపు గొళ్లెం మీద ఎక్కడో నిలిచి ఉన్నాయి. చేతులు రెండూ బల్ల మీద ఉన్నాయి. ఆమె నోట కాదన్న మాట వస్తే అవి ఒళ్లోకి వెళ్లిపోతాయి, ఇక తిరిగి రావు.

"ఒకటే," అంది.

అన్నీ బిగించాక పెన్సిలు పరీక్ష చేశాడు. ఖాళీ పిస్తోలును ఎక్కుపెట్టి, గొట్టం పైకి నిలబెట్టి, అందులో ఒక పెన్సిలు జారవిడిచి, వెనక చెక్కసుత్తితో కొట్టాలి. లోపలి కొక్కెం గట్టిగా పట్టుకుని ఉంటే పెన్సిలు కదలదు. కొక్కెం జారితే లోపలి సుత్తి పడి, పెన్సిలు ఎగిరిపోతుంది. మూడుసార్లు కొట్టాడు. కదల్లేదు. కిలో బరువు తగిలించి ఎత్తాడు. నిలబడింది. క్లబ్బులోకి వెళ్లి ఆమె పది తూటాలూ కాల్చింది. ఒక్కోదానికీ ఒళ్లు బిగబట్టుకుంది. పదీ బుద్ధిగా, లాగినప్పుడే పేలాయి. అట్టను మేకుకు గుచ్చుతుంటే ఆయన వెనకనుంచి, "ఎలా ఉంది నా పని?" అన్నాడు. బాగుందని చెప్పింది. మేనకోడలు వచ్చి పిస్తోలు పట్టుకుపోయింది.

పది తూటాలకు అరిగేది కాదు ఆ మూల. ఆ సంగతి ఆమెకు అన్నం వడ్డిస్తున్నప్పుడు తట్టింది. గరిటె గిన్నెలో అలాగే ఉండిపోయింది. ఇంతకుముందు వెళ్లిన పదీ కూడా ఆమె చేతిలో పది తూటాలే కాల్చి వెళ్లాయి.

మర్నాడు పొద్దున్నే క్లబ్బుకు వెళ్లింది. మేనకోడలు మూడు వందల తూటాల సాధనకు దిగుతానని చెప్పింది. అత్త వచ్చిందని మురిసిపోయి, వెనక బెంచీ చూపించి, చెవులకు మూతలు ఇచ్చింది. ఏడు వరుసల్లో ఏడుగురు కాలుస్తున్నారు. మూడో వరుసలో బ్యాంకు గుమాస్తా. అతని పిస్తోలు అట్ట మేకు మీద పైనుంచి నాలుగోది, మడత అట్ట తర్వాత వచ్చినదే. ఆ చివర ఈల సారు నిలబడ్డాడు. కాల్పులన్నీ ఆయన ఈల మీదే మొదలై, ఆయన ఈల మీదే ఆగుతాయి. నోట్లో ఈల లేకపోతే ఆయన్ని భార్య కూడా గుర్తుపట్టదని అక్కడి హాస్యం. ఆయన వెనక గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: ప్రమాదం అనిపిస్తే ఎవరైనా సరే 'ఆపండి' అని అరవవచ్చు. ఇరవై రెండేళ్లలో ఆమె ఆ మాట అరిచింది లేదు.

ఐదేసి తూటాలు. మేనకోడలు తూటాల మ్యాగజైను తోసి, పిస్తోలు పైన వెనక్కి లాగి ఉన్న స్లైడు వదిలేది. అది ఖణేల్మని మూసుకున్న ప్రతిసారీ అత్త భుజాలు చెవుల దాకా లేచేవి. కొక్కెం సుత్తిని వదిలేస్తే ఇప్పుడే వదిలేయాలి, ఆ కుదుపుకే. అప్పుడు పిస్తోలు మూతి బల్ల మీదికి ఉంటుంది. పిల్ల ఎడమ చెయ్యి ఆ బల్ల మీదే, ఐదు వేళ్లూ విప్పి ఉంటుంది. మూడు ఊపిర్లు తీసుకుని గాని పిస్తోలు ఎత్తని అలవాటు పిల్లది. ఆ మూడు ఊపిర్ల సేపూ అత్త ఊపిరి ఆడేది కాదు. అరవై. ఎనభై ఐదు. నూట పది. ఏమీ కాలేదు. ఆ మరక నూనెదేనేమో. నీడేనేమో. నూట ముప్ఫై. తన పిరికితనాన్ని తనే తిట్టుకుంది.

నూట నలభై దగ్గర మేనకోడలు వెనక్కి తిరిగి, ఒక చెవి మూత తీసి, ముఖమంతా వెలిగిపోతూ చెప్పింది.

"మామయ్య చెయ్యి మామూలుది కాదత్తా. నిన్నటికన్నా ఇవాళ ఇంకా తేలిగ్గా ఉంది. తలుచుకుంటే చాలు, పేలుతోంది."

చెప్పి, మళ్లీ మ్యాగజైను అందుకుంది.

అత్త లేచింది. "ఆపండి," అంది. ఆ మాట ఆమెకే వినపడలేదు. మేనకోడలి చెయ్యి బల్ల మీదికి వచ్చింది, వేళ్లు విచ్చుకున్నాయి. ఆమె ఈసారి కడుపులోంచి అరిచింది. ఈల మోగింది. ఏడు పిస్తోళ్లూ బల్లల మీదికి దిగాయి.

మేనకోడలికి కోపం వచ్చింది. పోటీ రేపనగా ఇదేమిటని గొణిగింది. ఈల సారు వచ్చి ఏమైందమ్మా అని అడిగితే, ఇంకోసారి పెన్సిలు పరీక్ష చేద్దామని మాత్రం చెప్పింది. ఆయన వాదించలేదు. తూటాలు తీయించి, ఖాళీ అని రెండుసార్లు చూసి, తన జేబులోని పెన్సిలే గొట్టంలో వేశాడు. ఎక్కుపెట్టాడు. చెక్కసుత్తి లేదు కాబట్టి అరచేతి మడమతో వెనక తట్టాడు, నిద్రపోతున్న పిల్లను తట్టినట్టు, అంత మెల్లగా.

పెన్సిలు ఎగిరి పైకప్పు రేకుకు టంగున తగిలి, ఎక్కడో నేల మీద పడి దొర్లింది.

ట్రిగ్గరు మీద ఎవరి వేలూ లేదు. మేనకోడలు తన ఎడమ చేతిని బల్ల మీద నుంచి తీసి, కుడి చేత్తో పట్టుకుంది.

కాల్పులు ఆగాయని కాబోలు, ప్రహరీ పక్క పనిగదిలోంచి మేస్త్రీ వచ్చాడు. గోడ వెంబడి చెయ్యి రాసుకుంటూ, తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, మనుషుల ఊపిరి ఎటుందో విని, అటు నడిచాడు. పెన్సిలు పరీక్ష చేశామని ఈల సారు చెప్పాడు.

"చేసుకోండి, ఎన్నిసార్లయినా చేసుకోండి. ఇంట్లో నేను మూడుసార్లు చేశా," అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. "కదల్లేదుగా?"

ఇంకో అడుగు వేశాడు. చెప్పు కింద పెన్సిలు దొర్లింది. తూలి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నేల మీద ఏవేవో పడేస్తారు, మనిషి నడిచే చోటని చూసుకోవద్దా అని విసుక్కున్నాడు.

మేనకోడలు వంగి ఆ పెన్సిలు తీసింది. ఆయన ముఖానికి జానెడు దూరంలో, నిలువుగా పట్టుకుంది. ఆయన నవ్వు చెరగలేదు. కళ్లు పిల్ల చెవి మీద ఉన్నాయి. పిల్ల పెన్సిలును ఎడమకు జరిపింది, కుడికి జరిపింది. కళ్లు చెవి మీదే ఉన్నాయి. పక్క వరుసల వాళ్లంతా చెవి మూతలు తీసేసి చూస్తున్నారు.

పిల్ల ఆయన్ని వదిలి అత్త వైపు తిరిగింది.

"ఎప్పటి నుంచత్తా?"

"ఏమిటే, ఏమంటోంది ఇది?" అన్నాడు మేస్త్రీ. బల్ల అంచును పట్టుకున్న చేతులు తెల్లబడ్డాయి.

మూడో వరుసలో బ్యాంకు గుమాస్తా బల్ల మీదున్న తన పిస్తోలు నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆమె అతన్ని చూసింది, మొగుణ్ని చూసింది, విప్పి పట్టుకున్న మేనకోడలి ఐదు వేళ్లనూ చూసింది.

"పదకొండు పిస్తోళ్ల నుంచి," అంది.